ఆత్మ లేదంటే పునర్జన్మ ఎవరికి?

హుసేన్‌సాగర్ బుద్ధ విగ్రహం దగ్గర మీ అమ్మాయి అడిగిన ఈ ప్రశ్న మిమ్మల్ని ఆపేయడానికి కారణం, జన్మలు మారే నిత్యమైన ఆత్మ ఒకటి ఉండితీరాలన్న భావనతోనే బౌద్ధాన్ని చదవడం కావచ్చు.

1. బుద్ధుని దృష్టిలో వ్యక్తి అంటే రూపం (శరీరం), వేదన (సుఖదుఃఖాల అనుభూతి), సంజ్ఞ (గుర్తింపు), సంస్కారాలు (మనసులోని సంకల్పాలు), విజ్ఞానం (ఎరుక) అనే 5 స్కంధాల, అంటే సమూహాల, కలయిక. వీటిలో ఏదీ శాశ్వతం కాదు.

2. చాలామంది చతురార్య సత్యాల (దుఃఖం, దాని కారణం, దాని నిరోధం, అందుకు మార్గం) దగ్గరే ఆగి ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ప్రతిదీ కారణాలపై ఆధారపడి పుడుతుందన్న సూత్రాన్ని, దాటవేస్తారు, కాని మీ జవాబు అక్కడే ఉంది. అవిద్యతో (అజ్ఞానంతో) మొదలై జరామరణాలతో (ముసలితనం, చావులతో) ముగిసే ఆ సూత్రంలోని 12 అంగాలలో ప్రతిదీ ముందున్నదాన్ని ఆధారం చేసుకొని పుడుతుంది కనుక, కొనసాగేది కార్యకారణ ప్రవాహమే తప్ప ఒక వస్తువు కాదు. గ్రీకు రాజు మిళిందునికి బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పినట్లు, ఒక దీపంతో మరో దీపాన్ని వెలిగించినప్పుడు మొదటిదాని నుంచి ఏదీ దాటిపోదు.

3. ఆ అంగాలను జరామరణాల నుంచి వెనక్కు చదవండి. తృష్ణ (కోరిక) దగ్గర ఈ గొలుసు ఎందుకు తెగుతుందో అమ్మాయికి సులభంగా చెప్పగలుగుతారు.