వేటకు 6,500 డాలర్లు కట్టాక మళ్లీ గైడ్‌కి టిప్పా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"ఐటీ ఉద్యోగం, ఈ ఏడాదే గ్రీన్ కార్డ్ వచ్చింది. అక్టోబర్‌లో ముగ్గురు ఆఫీసు మిత్రులతో కలిసి కొలరాడోలో ఐదు రోజుల గైడెడ్ ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తున్నాం. తలకి 6,500 డాలర్లు, సగం అడ్వాన్స్ కట్టేశాం. ఇప్పుడేమో గైడ్‌కి 10 నుంచి 20 శాతం టిప్ ఇవ్వాలంటున్నారు. అంత కట్టాక మళ్లీ టిప్ ఏంటి? ఎల్క్ దొరక్కపోయినా ఇవ్వాలా? ఓనర్‌కీ, వంటమనిషికీ కూడానా? నాకు క్రెడిట్ కార్డ్ మీద 4,000 బాకీ ఉంది, 24 శాతం వడ్డీ. మా నాన్నకి చెబితే, ఆ టిప్ డబ్బుతో ఊళ్లో గేదెను కొనొచ్చు కదరా అన్నారు."

మీ నాన్నగారి లెక్కలో తప్పేమీ లేదు. మీకు నేను చెప్పబోయే అంకె 900 డాలర్లు, అంటే 80 వేల రూపాయలకు అటూ ఇటూ, మంచి పాడి గేదె వస్తుంది. కానీ ఆ గేదె లెక్క 6,500 కట్టే రోజున వేసి ఉండాల్సింది, అప్పుడు ఏడు గేదెలు కనబడేవి. ఏడు గేదెల దగ్గర రాని ఆలోచన ఎనిమిదో గేదె దగ్గర, అదీ కూలి మనిషి చేతికి వెళ్లేదాని దగ్గర వస్తోందంటే, ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే కదా.

ముందు డబ్బు ఎవరికి వెళ్తోందో చూడండి. మీరు కట్టింది అవుట్‌ఫిట్టర్‌కి, అంటే వేట ఏర్పాట్లన్నీ చేసే వ్యాపారం ఓనర్‌కి, మీతో కొండెక్కేది గైడ్. ఇద్దరూ ఒకటి కాదు. మన దగ్గర తిరుపతికి బండి మాట్లాడుకుంటే కిరాయి ట్రావెల్స్ యజమానికి వెళ్తుంది, డ్రైవర్‌కి మిగిలేది జీతం, బత్తా, చివర్లో మనం చేతిలో పెట్టేది. ఇక్కడా అంతే. మీ 6,500లోంచి గుర్రాలు, కంచరగాడిదలు, వాటి దాణా, గుడారాలు, భోజనాలు, ఇన్సూరెన్స్, ప్రభుత్వ అడవి అయితే ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ ఫీజు, ప్రైవేటు భూమి అయితే ఆ రైతుకి కట్టే లీజు, ఇవన్నీ పోగా గైడ్‌కి అందేది ఎక్కువ చోట్ల రోజు కూలి. అది కూడా సీజన్ ఉన్నన్నాళ్లే, సెప్టెంబర్‌లో బాణాల వేటతో మొదలై నవంబర్‌లో రైఫిల్ సీజన్లు అయ్యేదాకా. తర్వాత ఆయన ఎక్కడో మంచు తీస్తూనో, రాంచ్‌లో పశువులు చూస్తూనో ఉంటాడు. బూట్లు, బైనాక్యులర్స్ లాంటివి కూడా చాలామంది సొంత డబ్బుతోనే కొనుక్కుంటారు.

ఆ కూలికి ఆయన చేసే పని చూస్తే మీకే లెక్క తెలుస్తుంది. మీరు స్లీపింగ్ బ్యాగ్‌లో ఉండగా తెల్లవారుజామున మూడున్నరకే లేచి గుర్రాలకు జీను వేస్తాడు, తొమ్మిది పదివేల అడుగుల ఎత్తులో మీకు ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఆగుతాడు, ఎల్క్ పడితే (మగది 300 కిలోల దాకా తూగుతుంది, అది మనం ఎత్తి కారులో వేసుకొచ్చే మేక కాదు) అక్కడికక్కడే కోసి, తొడలు, జబ్బలు విడదీసి, చీకటి పడ్డా గుర్రాల మీద కిందికి దించుతాడు. నన్నడిగితే టిప్ వెళ్లాల్సింది ఈ ఘట్టానికే. గురి చూసి కాల్చడానికి పట్టేది ఒక్క నిమిషం, తర్వాత పని ఆరేడు గంటలు.

దొరక్కపోతే ఇవ్వాలా అన్నారు. ఇవ్వాలి, పూర్తిగా. అమెరికాలో అన్నిటికంటే పెద్ద ఎల్క్ మంద కొలరాడోదే, అయినా అక్కడ వేటకు వెళ్లే ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఖాళీ చేతులతోనే తిరిగొస్తారు, గైడ్ ఉంటే అవకాశం కాస్త మెరుగు, అంతే. వాన, మంచు, గాలి దిశ గైడ్ చేతిలో లేవు. మీ గురి అంతకంటే లేదు. మీరు గురి తప్పిన రోజు ఆయన టిప్ కోసేస్తే, పరీక్షలో కొడుకు తప్పితే ట్యూషన్ మాస్టారి ఫీజు ఎగ్గొట్టినట్టుంటుంది. తగ్గించడానికి అసలైన కారణాలు వేరే ఉన్నాయి: తాగి రావడం, ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం, రోజూ ఆలస్యం, తుపాకీ భద్రత విషయంలో నిర్లక్ష్యం. అలాంటిది ఏదైనా జరిగితే చివరి రోజు దాకా ఓపిక పట్టి కవర్‌లో కోపం చూపించకండి, ఆ సాయంత్రమే అవుట్‌ఫిట్టర్‌తో చెప్పండి, గైడ్‌ని మార్చమనండి. అది ఆయన బాధ్యత, దానికే కదా మీరు అంత కట్టింది.

ఇక అంకె. 10 నుంచి 20 శాతం అన్నది వేట ధర మీద, అంటే మీకు 650 నుంచి 1,300. లైసెన్స్, పన్నులు, మాంసం కటింగ్ ఇందులో కలపక్కర్లేదు. మీ పరిస్థితిలో 20 అక్కర్లేదు అంటాను, ఎందుకంటే మీకు కార్డ్ మీద బాకీ ఉంది, పైగా మీరు రాసినదాన్ని బట్టి ఇద్దరికి ఒక గైడ్, అంటే ఆయనకి ఇద్దరి దగ్గరనుంచీ అందుతుంది. గైడ్‌కి 700, వంటమనిషికి 125, గుర్రాలు చూసే మనిషికి 75, మొత్తం 900, దాదాపు 14 శాతం. ఏ గైడ్ అయినా తృప్తిగా పుచ్చుకునే మొత్తం ఇది, మీరు సిగ్గుపడాల్సిందీ లేదు, గొప్పలకు పోయినట్టూ ఉండదు. మీ మిత్రుల్లో ఎవరో ఒకరు నేను 1,500 ఇస్తున్నా అంటారు చూడండి, ఆయన జీతం ఆయనది, మీరు పోటీకి దిగొద్దు. అందుకే బయల్దేరే ముందే నలుగురూ కూర్చుని ఒక అంకె అనేసుకోండి, క్యాంప్‌లో మంట చుట్టూ కూర్చున్నాక ఇలాంటి మాటలు బీరు సాయంతో పెద్దవైపోతాయి.

ఓనర్ సంగతి: ఆయన ఆఫీసులో కూర్చుని బుకింగ్స్ చూసుకునే మనిషైతే టిప్ ఇవ్వక్కర్లేదు, ఆయన లాభం ధరలోనే ఉంది. అదే ఆయనే మీ గైడ్‌గా వస్తే ఇవ్వడం మంచిది, కొందరు వద్దంటారు, వద్దంటే బలవంతం చేయకండి, మనవాళ్లలా జేబులో కుక్కి పరిగెత్తకండి. వంటమనిషిని మాత్రం మర్చిపోవద్దు. అందరూ మర్చిపోయేది ఆయన్నే, గైడ్‌కి ఫోటోలు, కౌగిలింతలు, కవర్, పాపం ఐదు రోజులు మీ నలుగురికీ మూడు పూటలా వండిపెట్టి, మీలో ఒకరు బీఫ్ తినరనీ ఇంకొకరు శనివారం నాన్‌వెజ్ ముట్టరనీ (ఎల్క్ వేటకు వెళ్లి శనివారం నియమం, మనకే చెల్లింది) వేరే గిన్నె పెట్టిన మనిషికి థాంక్స్‌తో సరిపెడతారు.

ఎప్పుడు ఇవ్వాలంటే, చివరి రోజు, బయల్దేరేటప్పుడు, ఎవరిది వాళ్ల చేతికి. మొదటి రోజే కొంత ఇస్తే బాగా చూసుకుంటాడని మనకి అనిపిస్తుంది, ఆఫీసుల్లో పని కావడానికి ముందే చేతులు తడిపిన అలవాటు మరి, కానీ ఇక్కడది మామూలు ఇచ్చినట్టే ఉంటుంది, గైడ్‌కీ ఇబ్బంది. అందరి డబ్బూ ఒక్క కవర్‌లో పెట్టి ఓనర్‌కి ఇచ్చి పంచమనడం కూడా నాకు నచ్చదు, తప్పనిసరిగా అలాగే పంచే పద్ధతి వాళ్లకుంటే తప్ప. నగదే ఇవ్వండి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న విషయం: కొన్నేళ్ల కింద ఒక మిత్రుడితో టెక్సస్ హిల్ కంట్రీలో ఒక రాంచ్‌కి వెళ్లాను, నేను తుపాకీ పట్టలేదు, చూడ్డానికే వెళ్లాను, అయినా రెండు రోజులు గైడ్ నన్నూ వెంటేసుకుని తిరిగాడు. చివర్లో ఇద్దామని చూస్తే పర్సులో ఉన్నది 23 డాలర్లు, ఫోన్‌లో సిగ్నల్ లేదు, ఏటీఎం నలభై మైళ్ల దూరం. జనాలకు డబ్బు గురించి సలహాలిచ్చే నేను, మిత్రుడి దగ్గర చేయి చాచి ఆ కవర్ నింపాను. అందుకని ఇంటి దగ్గర బ్యాంకులోనే 100లు, 20లు తీసుకుని మూడు కవర్లు సిద్ధం చేసుకోండి, పేర్లు అక్కడికెళ్లాక రాసుకోవచ్చు.

డబ్బుకి బదులు వస్తువు ఇవ్వొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. కాకినాడ కాజాల డబ్బా తీసుకెళ్లండి, సంతోషిస్తారు, కానీ అది కవర్‌తో పాటే. శాలువా కప్పి సన్మానం చేస్తే దాంతో పికప్ ట్రక్కుకి పెట్రోల్ రాదు.

ఇప్పుడు నాకు టిప్ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం. మీరు ఈ వేట 6,500 అనుకుంటున్నారు. కాదు. బయటి రాష్ట్రం వాళ్లకి ఎల్క్ లైసెన్స్, ఇతర ఫీజులు కలిపి 850 అనుకుందాం, టిప్ 900, ఎల్క్ పడితే మాంసం కటింగ్, ప్యాకింగ్‌కి 500, కారులో మీ వాటా ఖర్చు 300, మంచుకి తట్టుకునే బూట్లు, జాకెట్ 600. కలిపితే 9,650. కట్టిన 3,250 పోను ఇంకా 6,400 కావాలి. మీరు ఉత్తరం రాసింది మేలో, ఐదు నెలలు పెట్టుకుంటే నెలకి 1,280. ఇది మీ 401కే (రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లో కంపెనీ తన వంతు కలిపేంత వాటా కట్టాక, ఇంటికి పంపేది పంపాక, కార్డ్‌కి కనీస బిల్లు కంటే గట్టిగా కట్టాక కూడా మిగులుతుందా? ఆ 4,000 మీద ఇప్పటికే నెలకి 80 డాలర్ల దాకా వడ్డీ పోతోంది, వేట ఖర్చు కూడా ఆ కార్డ్ మీదే పడితే వచ్చే దసరాకి కూడా ఈ దసరా ఎల్క్‌కి వడ్డీ కడుతూ ఉంటారు.

మిగలదు అనుకుంటే ఒప్పంద పత్రం తీసి చదవండి. కొలరాడోలో అవుట్‌ఫిట్టర్లు రాష్ట్రం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, క్లయింట్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అందులో రద్దు షరతులు ఉంటాయి. అడ్వాన్స్ వెనక్కి రావడం కష్టమే కానీ, ఇంత ముందుగా అడిగితే వచ్చే ఏడాదికి మార్చడానికో, మీ చోటు ఇంకొకరికి ఇవ్వడానికో ఒప్పుకునే వాళ్లున్నారు. అదే పత్రంలో టిప్ ధరలోనే కలిపారా అన్నది కూడా చూడండి, కలిపి ఉంటే పైన చెప్పిన లెక్కంతా మారిపోతుంది. ఇంకో మాట, ఈ టిప్‌ని ట్యాక్స్‌లో చూపించుకోవచ్చా అని మీరు అడగలేదు కానీ తర్వాత అడుగుతారు: కుదరదు, ఇది సొంత సరదా ఖర్చు.

వేటే కావాలి, కొలరాడోనే కానక్కర్లేదు అంటే మీకు దగ్గర్లోనే చవకైనది ఉంది. టెక్సస్ ప్రైవేటు రాంచ్‌లలో మన చుక్కల జింక, కృష్ణజింక, దక్షిణాన నీల్‌గాయ్ కూడా ఉన్నాయి, చుక్కల జింకని 1932లో తెచ్చి వదిలారు, ఇప్పుడు ఏడాది పొడవునా వేటాడొచ్చు. మొదటిది తెలంగాణ రాష్ట్ర జంతువు, రెండోది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి మీద చేయి వేస్తే జైలు, ఇక్కడేమో మెనూ కార్డ్‌లా ధరల పట్టికలో ఉంటాయి. (ఆ ఫోటో బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేముందు ఒకసారి ఆలోచించండి, కొమ్ములు సూట్‌కేసులో పెట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్లే ఆలోచనైతే అసలు వద్దు.) ఒకటి రెండు రోజుల వేట, కారులో వెళ్లిరావడం, టిప్ కూడా ఆ మేరకే తగ్గుతుంది. గైడ్‌కి ఇచ్చేది కోసి ఖర్చు తగ్గించుకునే బదులు చిన్న వేటకు వెళ్లడమే నాకు నచ్చే దారి.

మీ నలుగురిలో ఒకరు హెచ్‌1బీ మీద ఉన్నారని చివర్లో రాశారు. హెచ్‌1బీ మీదున్న వాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఆయన్ని మిగతా డబ్బు కట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి. అలాగే కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ లేనిదే మామూలుగా లైసెన్స్ ఇవ్వరు, అంటే మీ నలుగురికీ కావాలి, ఆ క్లాస్ ఈ నెలలోనే పూర్తి చేయండి.

ఈ వారం చేయాల్సింది అవుట్‌ఫిట్టర్‌కి ఒక్క ఈమెయిల్: మాతో మొత్తం ఎంతమంది పనిచేస్తారు, ఎవరు ఏ పని, టిప్ విడివిడిగా ఇవ్వాలా కలిపి ఇవ్వాలా, ధరలో ఏమైనా కలిసి ఉందా. వాళ్లని ఇది రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, మొహమాటం అక్కర్లేదు. జవాబు రాగానే నాకు పంపండి, మూడు కవర్లు నాలుగయ్యేలా ఉంటే ఆ 900నే ఎలా సర్దాలో చూద్దాం.