పాఠకుల ప్రశ్నలు: అమ్మకానికి వచ్చిన 1969 మస్టాంగ్

ప్రశ్న: అనంతపురంలో మాకు ట్రాక్టరు విడిభాగాల దుకాణం ఉంది. చిన్నప్పటి నుంచి నాకు అమెరికా వాళ్ల పాత వీ-8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను) కార్లంటే ప్రాణం. తాడిపత్రి దగ్గర ఒక పెద్దాయన తన షెడ్డులో ఉన్న 1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1 కారును అమ్మకానికి పెట్టారు. 70 లక్షలు చెబుతున్నారు, ఈ నెలాఖరులోగా 5 లక్షలు బయానా ఇమ్మంటున్నారు. కారు చాలా ఏళ్లు మద్రాసులో ఉండి, ఆరేళ్ల కిందట ఇక్కడికి వచ్చిందట. ఆర్‌సీ ఇప్పటికీ తమిళనాడుదే. ఎర్ర రంగు, నల్ల బానెట్టు, అద్దంలా మెరుస్తోంది. పూర్తిగా రెస్టోర్ చేయించామనీ, 290 హార్స్‌పవర్ ఇచ్చే 351 (క్యూబిక్ అంగుళాల) ఇంజను ఉందనీ, మన ఎండు సీమలో తుప్పు మాటే ఉండదనీ అంటున్నారు. ఏం చూసి నమ్మాలి? కారును ఆంధ్రప్రదేశ్‌కు మార్పించుకుని ఆదివారాలు బెంగళూరు హైవే మీద నడుపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే ఆ కారు అప్పుడే మీ వాకిట్లోకి వచ్చేసినట్టుంది. అందుకే మొదటి మాట గట్టిగా చెబుతున్నాను: కారు గుర్తింపు నంబరును మీ కళ్లతో చదివి, మీ చేత్తో రాసుకునేంత వరకు ఒక్క రూపాయి కూడా బయానా ఇవ్వకండి.

మాక్ 1 అంటే మస్టాంగులో శక్తిమంతమైన స్పోర్ట్స్ రకం. 1969లో ఫోర్డ్ కంపెనీ 72,458 మాక్ 1 కార్లు తయారుచేసింది. అదే ఏడాది, అదే వాలు కప్పుతో, స్పోర్ట్స్‌రూఫ్ అనే పేరుతో మామూలు మస్టాంగులు కూడా వచ్చాయి. వాటిలో ఆరు సిలిండర్ల ఇంజనువి, 302 వీ-8వి ఉన్నాయి. బానెట్టు మీది నల్ల రంగు, పక్క చారలు, వెనక మాక్ 1 అన్న అక్షరాలు ఎవరైనా కొని అతికించుకోగలిగినవే కాబట్టి, పైకి కనిపించే వాటిలో ఏదీ సాక్ష్యం కాదు. నంబరు మాత్రం చాలా చెబుతుంది. 1969 మస్టాంగులో అది డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దంలోంచి కనబడేలా ఉంటుంది. మొత్తం 11 అక్షరాలు, అంకెలు. మొదటి 9 అంటే 1969. రెండో అక్షరం ఫ్యాక్టరీది: ఎఫ్ అయితే డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్ హోసే, టీ అయితే మెటచన్. తరువాతి 02 అంటే స్పోర్ట్స్‌రూఫ్ బాడీ. ఐదో స్థానంలోని అక్షరం ఇంజనుది, మీ 70 లక్షల బేరం దాని మీదే నిలబడి ఉంది. అక్కడ ఎమ్ ఉంటే నాలుగు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బురేటరుతో 290 హార్స్‌పవర్ ఇచ్చే 351. హెచ్ ఉంటే రెండు బ్యారెళ్లతో 250 ఇచ్చే 351. ఎఫ్ ఉంటే 302, టీ ఉంటే ఆరు సిలిండర్ల 200. మాక్ 1లో 351కి తక్కువ ఇంజను ఫ్యాక్టరీ నుంచి రాలేదు కాబట్టి, ఐదో స్థానంలో ఎఫ్ గానీ టీ గానీ కనిపిస్తే అది పుట్టుకతో మాక్ 1 కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

అక్కడ ఎమ్ ఉన్నంత మాత్రాన పని పూర్తి కాలేదు, ఎందుకంటే 02 అన్నది స్పోర్ట్స్‌రూఫ్ బాడీలన్నిటికీ ఒకటే. డ్రైవరు తలుపు అంచున ఒక చిన్న లోహపు పలక ఉంటుంది. దాని మీద బాడీ కోడ్ 63సీ అని ఉంటేనే మాక్ 1. అయితే ఆ పలకను కొత్తగా చేయించి బిగించడం పెద్ద కష్టం కాదు. అందుకని 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్ల తయారీ వివరాలను కంపెనీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే మార్టి రిపోర్టును తెప్పించమని అమ్మే ఆయనను అడగండి, లేదా నంబరు తీసుకుని మీరే తెప్పించుకోండి. ఆ కారు ఏ ఇంజనుతో, ఏ గేరుబాక్సుతో, ఏ రంగుతో తయారైందో అందులో ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీది నంబరు, డ్రైవరు వైపు ఇన్నర్ ఫెండరు రేకు (బానెట్టు ఎత్తితే ఇంజను పక్కన కనిపించే రేకు) మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఈ మూడూ ఒకటి కాకపోతే ధర ఎంత తగ్గించినా ఆ కారు జోలికి పోవద్దు. ఇంజను బ్లాకు వెనక కూడా కారు నంబరు చివరి అంకెలు ఉండాలి. అవి వేరైతే ఇంజను మధ్యలో మారిందని అర్థం. కారు పనికిరాదని కాదు, ధర బాగా దిగాలి. 290 హార్స్‌పవర్ అన్న లెక్క కూడా ఇంజనును స్టాండు మీద పెట్టి, కారులో ఉండే సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు వంటివి లేకుండా కొలిచిన పాత పద్ధతిది. అమెరికా కంపెనీలు 1972 నుంచి ఆ కొలతను మార్చాయి కాబట్టి నేటి కార్ల అంకెతో దాన్ని పోల్చకండి.

ఇక తుప్పు. ఆ పెద్దాయన అబద్ధం చెబుతున్నారని నేను అనను. కానీ మన సీమ గాలి ఆరేళ్ల నుంచి మాత్రమే ఆ కారును కాపాడుతోంది, అంతకుముందు ఏళ్ల తరబడి అది మద్రాసు ఉప్పుగాలి పీల్చింది. మస్టాంగుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, కింది దూలాలు, ముందు షాక్ టవర్లు (షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్లు) అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే రేకుల గూడు కాబట్టి, ఫ్లోరు తింటే కారు బలమే పోతుంది. ఒకసారి ఇలాగే తళతళలాడే ఒక కారులో కార్పెట్టు ఎత్తి చూశాను. ఫ్లోరు రేకు మీద ఫైబరు గుడ్డ అతికించి పైన నల్ల రంగు కొట్టారు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. మంచి టింకరింగు మేస్త్రిని వెంట తీసుకెళ్లి, కారును జాకీల మీద ఎత్తించి, కింద మందంగా పూసిన నల్ల పూత ఉంటే దాని వెనక ఏముందో గీకి చూపించమనండి. వెనక చక్రాల చుట్టూ, తలుపుల దిగువన పలచని అయస్కాంతం పెట్టి చూడండి. జారిపోయిన చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. రంగు మొత్తం గీకించిన దశలో తీసిన ఫొటోలు, కొత్త రేకుల బిల్లులు అడగండి. నిజంగా రెస్టోర్ చేయించినవాళ్లు ఆ ఫొటోలను పెళ్లి ఆల్బం లాగా దాచుకుంటారు.

ఇంకొక పరీక్ష ఉంది, దీన్ని వదలకండి. ముందు అద్దానికీ బానెట్టుకూ మధ్య గాలి లోపలికి పోయే చీలికలు ఉంటాయి. వాటి కింద రెండు రేకులు కలిపి మూసిన పెట్టె లాంటి చోట ఆకులూ మట్టీ చేరి, నీరు నిలిచి తుప్పు పడుతుంది. లోపలికి బ్రష్షు పోదు కాబట్టి రెస్టోరేషన్‌లో చాలామంది దాన్ని ముట్టుకోరు. బాగుచేయాలంటే వెల్డింగులు విప్పి పై రేకు మొత్తం తీయాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురంలో, అదీ షెడ్డులో ఉన్న కారుకు, ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. ముందు కార్పెట్లు తీసేసి, ఆ చీలికల మీద ఒక బక్కెట నీళ్లు నెమ్మదిగా పోయించండి. నీళ్లన్నీ ఫెండర్ల వెనక నుంచి నేల మీదికి దిగాలి. పెడళ్ల దగ్గర ఒక్క చుక్క పడినా ఆ మరమ్మతు ఖర్చును ధరలోంచి తీసేయించండి.

కాగితాల విషయానికి వస్తే, తమిళనాడు ఆర్‌సీ గడువులో ఉందో లేదో మొదట చూడండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించాలి. అక్కడి నుంచి ఫారం 28 కింద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), యాజమాన్య మార్పుకు ఫారం 29, 30 కావాలి. స్టీరింగు ఎడమ వైపుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 120 ప్రకారం పనిచేసే సిగ్నల్ పరికరం ఉండి తీరాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును 20,000 రూపాయల రుసుముతో వింటేజ్‌గా కొత్తగా రిజిస్టరు చేయించుకునే వీలుంది, అది పదేళ్లు చెల్లుతుంది. అయితే అలా చేయిస్తే ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కాలి. పైగా ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. మీరు అడుగుతున్నది ఆదివారాల షికారు కాబట్టి మామూలు ఆర్‌సీనే మార్పించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా బంధువులు 1968 షెవ్రొలే కమారో ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ రకం) అమ్ముతామంటున్నారు. వేసవిలో ఆపితే మళ్లీ వెంటనే స్టార్ట్ కావడం లేదు. అది చిన్న విషయమేనంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: చాలా వరకు నిజమేనమ్మా. కడప ఎండలో ఇంజను ఆపగానే ఆ వేడికి కార్బురేటరులో, పైపుల్లో పెట్రోలు ఆవిరవుతుంది. కార్బురేటరు కింద వేడి ఆపే దిమ్మ వేయించి, పెట్రోలు పైపును సైలెన్సరు గొట్టాలకు దూరంగా తిప్పిస్తే చాలావరకు తగ్గుతుంది. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ మార్పించాలి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరగకుండా ఆ సీసమే కాపాడేది కాబట్టి, హెడ్లలో గట్టి వాల్వు సీట్లు వేయించారో లేదో అడగండి. కమారో నంబరు 124తో మొదలైతే వీ-8, 123 అయితే ఆరు సిలిండర్లు. ఎస్ఎస్ అన్నది ఆ నంబరులో ఉండదు కాబట్టి ఆ పేరుకు అదనంగా డబ్బు ఇచ్చే ముందు పాత కాగితాలు చూపించమనండి. కారు చూడటానికి ఉదయం చల్లబాటులో వెళ్లకండి. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి, అరగంట నడిపించి, ఆపి, పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేయించండి.