హాలూ వంటిల్లూ కలిపేయాలా?

ప్రశ్న: మాది తిరుపతిలో కొర్లగుంట. మిద్దె మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. కొండకు వచ్చే బంధువులతో ఇల్లెప్పుడూ సందడే, నాకదే ఇష్టం. మా ఆవిడ మాత్రం కాసేపు మాట్లాడి గదిలోకి వెళ్లిపోతుంది. కలుపుగోలుతనం లేదని వచ్చినవాళ్లు అనుకుంటున్నారు. హాలూ వంటిల్లూ ఒకటి చేస్తే తనూ అందరిలో ఉంటుందని మేస్త్రి అంటున్నాడు. కలిపేయమంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: వద్దు. కలిపేస్తే ఆవిడకు వంటింట్లో దొరికే ఆ కాస్త తెరిపి కూడా పోతుంది.

మీ ఆవిడలా కాసేపటికే ఏకాంతం కోరుకునే అంతర్ముఖుల మెదడు కొద్దిపాటి సందడికే ఎక్కువ ఉత్తేజితమవుతుందని మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ 1967లో ప్రతిపాదించారు. 1984లో మరో మనస్తత్వవేత్త రస్సెల్ గీన్ తన ప్రయోగంలో శబ్దం ఎంత ఉండాలో ఎవరికి వారే ఎంచుకోమంటే, అంతర్ముఖులు తక్కువ పెట్టుకున్నారు. ఎవరికి నచ్చిన శబ్దంలో వాళ్లున్నప్పుడు మాత్రం అంతర్ముఖుల పనీ, మీలా సందడి ఇష్టపడే బహిర్ముఖుల పనీ సమానంగానే సాగింది. కాబట్టి మీ ఇంటికి కావలసింది విశాలమైన హాలు కాదు, సందడిని తగ్గించుకునే వీలు.

మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడే కట్టించి రెండువైపులా పూత పూయించండి. ముచ్చటగా ఉంటుందని జాలీ పెట్టిస్తారు చాలామంది; అది చూపును ఆపుతుందేమో గానీ మాటను ఆపదు. గోడలో మూడడుగుల కిటికీ వదిలి, వంటింటి వైపు నుంచి మూసుకునే చెక్క రెక్కలు బిగించండి. కాఫీలు అందించొచ్చు, మాట కలపొచ్చు, చాలనిపిస్తే మూసేయొచ్చు. పక్కకు జరిపే అద్దాలైతే సందుల్లోంచి గోలంతా వచ్చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం దారి. పడకగది నుంచి వంటింటికీ, బాత్రూముకూ హాలు దాటకుండా పోయేలా మూడున్నర అడుగుల నడవా వదలండి. అది లేనప్పుడు మంచినీళ్లకు లేచినా పదిమందిని పలకరించాల్సిందే. అలాంటప్పుడు గదిలోనే ఉండిపోవడం తేలిక కదా! పడకగది తలుపు కూడా ఆ నడవాలోకే తెరుచుకోవాలి. కింద అంగుళం సందు వదిలేస్తే ఎంత మందం తలుపైనా దండగే, రబ్బరు పట్టీ వేయించండి. టీవీని పడకగది గోడకు బిగించొద్దు.

హాలు మీ ఇష్టం. బల్ల మూలకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లే ఎక్కువ మాట్లాడుకుంటారని మనస్తత్వవేత్త రాబర్ట్ సోమర్ గమనించారు. సోఫాలు ఎల్ ఆకారంలో వేయండి. కిటికీ పక్కన, వీపు గోడకు ఆనేలా, వాకిలి కనిపించేలా ఒక కుర్చీ విడిగా వేయండి. బంధువుల్లోనూ తక్కువ మాట్లాడేవాళ్లుంటారు, దాన్ని ముందు పట్టేసేది వాళ్లే.

కొత్త గోడ కింది అంతస్తు బీము మీదికే రావాలి. స్లాబు మధ్యలో పడేటట్టుంటే ఇంజినీరుకు చూపించకుండా మొదలుపెట్టనివ్వకండి. నడవా మూడున్నర అడుగులు పూత అయ్యాక కూడా మిగలాలని మేస్త్రికి ముందే చెప్పండి.