ఫ్రెంచ్ టోస్ట్ లోపల ముద్దగా మిగులుతోందా? ముందు బ్రెడ్డును ఆరబెట్టండి

ఫ్రెంచ్ టోస్ట్ పైన మాడిపోయి లోపల ముద్దగా ఉంటోందని, ఇంకో గుడ్డు కలిపితే కుదురుతుందా అని అడిగారు. గుడ్ల జోలికి వెళ్ళకండి. తప్పంతా తాజా బ్రెడ్డుది.

మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు, వాళ్ళ అమ్మ ఊళ్ళో లేని ఒక ఆదివారం పొద్దున, ఫ్రెంచ్ టోస్ట్ కావాలంది. పిల్లకు మంచిది పెట్టాలని అప్పుడే వెళ్ళి బ్రెడ్డు తెచ్చాను. పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. పాలలో గుడ్లు గిలకొట్టి ముక్కను ముంచి ఎత్తబోతే, నడిమి భాగం తడిసిన కాగితంలా జారిపోయి అంచు మాత్రం వేళ్ళకు మిగిలింది. గరిటెతో ఎలాగో పెనం మీదికి చేర్చి మంట పెంచాను. పైన నల్లబడింది, విరిస్తే లోపలి నుంచి పచ్చి గుడ్డు కారింది. అమ్మాయి ఒక్క మాట అనలేదు. కాలిన అంచు చుట్టూ కొరుక్కుని తిని, మధ్యలోని తడి ముద్దను పళ్ళెం చివరికి నెట్టింది. అది చూసి నాకేమీ గొంతు దిగలేదు.

రెండు రోజులకు, అదే పొట్లంలో గట్టిపడిన ముక్కలతో మళ్ళీ చేస్తే చక్కగా వచ్చింది. ఆరిన ముక్క పాలు పీల్చుకుంటుంది, పీల్చాక కూడా విరిగిపోదు. అసలు ఫ్రెంచివాళ్ళు దీన్ని పిలిచే పేరుకు అర్థమే ‘పోయిన రొట్టె’. పారేయవలసిన రొట్టెను దక్కించుకునే వంట ఇది. అలాంటిదాన్ని దూదిలాంటి తాజా బ్రెడ్డుతో చేసి చూపించే వీడియోలంటే నాకు ఒళ్ళు మండుతుంది. పైగా గుడ్లలో గుప్పెడు పంచదార పోస్తారు! గుడ్డు ఉడికేలోపే ఆ పంచదార మాడుతుంది. 4 ముక్కలకు 2 గుడ్లు, అర కప్పు పాలు, ఒక చెంచా పంచదార, చిటికెడు ఉప్పు చాలు. తీపి కావాలంటే తేనె పైన వేసుకోండి. దాల్చినచెక్క పొడిని నేరుగా పాలలో చల్లితే పైన తేలి, మొదటి ముక్కకే అంతా అంటుకుపోతుంది. ముందు పంచదారలో కలిపి వేయండి.

ముక్కను ఒక్కో వైపు 20 సెకన్లు ముంచితే సరిపోతుంది. వెన్నలో కాస్త నూనె కలిపి పెనం మీద వేయండి, వెన్న త్వరగా మాడుతుంది కాబట్టి సన్నని సెగ మీదే ఒక్కో వైపు 3 నిమిషాలు కాల్చండి. వేలితో నొక్కితే మధ్యలో కుంగకుండా పైకి లేవాలి, అప్పుడే దించాలి. ఇంట్లో తాజా బ్రెడ్డే ఉంటే, నూనె లేని పెనం మీద రంగు మారకుండా రెండు వైపులా ఆరబెట్టుకోండి.

ఇప్పుడు శనివారం రాత్రి మా అమ్మాయే నాలుగు ముక్కలు తీసి పళ్ళెంలో పరిచి, మూత పెట్టకుండా వదిలేసి పడుకుంటుంది.