చట్టానికీ పెళ్లికీ మధ్య పాతికేళ్లు: తెలుగు, సోషల్ పాఠాలు నేను చదివిన తీరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పదో తరగతిలో తెలుగు, సాంఘిక శాస్త్రం బట్టీ పట్టే సబ్జెక్టులైపోయాయి, పరీక్ష రాసిన మర్నాటికి ఏదీ గుర్తుండటం లేదు. ఈ పాఠాల వల్ల నిజంగా ఏదైనా పొందినవారు ఉన్నారా, ఉంటే ఎలా చదివారు?

నేను పొందాను. ప్రస్తుతం డిగ్రీలో చరిత్ర, తెలుగు సాహిత్యం చదువుతున్నాను. ఈ రెండింటినీ కలిపి ఎంచుకోవాలన్న కోరిక హైస్కూల్లోనే పుట్టింది. ఒక పుస్తకం చదువుతుంటే పుట్టిన ప్రశ్నకు రెండో పుస్తకంలో జవాబు దొరకడం అప్పట్లో నాకు ఎంత ఆనందం ఇచ్చిందో ఇప్పటికీ అంతే ఇస్తోంది. అందుకే నా సలహా కూడా ఒక్కటే. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన తెరిచి చదవండి. ఎలాగో చెప్పడానికి నన్ను పట్టుకున్న ఉదాహరణతోనే మొదలుపెడతాను.

సోషల్‌లో సంఘ సంస్కరణోద్యమాల పాఠం మీకూ ఉంటుంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషి వల్ల వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఈ రెండు సంవత్సరాలనూ క్లాసులో అందరం బిట్ల కోసం విడివిడిగా నేర్చుకున్నాం. పరీక్షల ముందు సంవత్సరాల పట్టిక రాసుకుంటున్నప్పుడు అవి ఒకదాని కింద ఒకటి పడ్డాయి. మధ్యలో పాతికేళ్లు! చట్టం అనుమతించింది, కోర్టులు ఉన్నాయి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లలు ఇంటింటా ఉన్నారు. మరి పాతికేళ్లు ఎందుకు ఆగవలసి వచ్చింది?

మా సోషల్ మాస్టారిని అడిగాను. పెళ్లి జరగాలంటే చట్టం ఒక్కటే చాలదు కదా అన్నారాయన. పురోహితుడు రావాలి, వంటవాడు రావాలి, కొత్త జంటకు ఎవరైనా ఇల్లు ఇవ్వాలి, మర్నాడు వీధిలో వాళ్లను పలకరించే మనిషి ఉండాలి. వీరేశలింగం దంపతులకు ఎదురైంది సరిగ్గా ఇదే. సంఘం వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు ఆ ఇంటికి రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే బిందెలతో నీళ్లు మోసి, పెళ్లివారికి తానే వండి పెట్టారు. కాకినాడకు చెందిన వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. విద్యార్థులు వీరేశలింగానికి అండగా నిలబడ్డారు. పాఠంలో ఒక్క వాక్యంగా ఉన్న సంఘటన వెనుక ఇంతమంది మనుషులున్నారు. రాజ్యలక్ష్మమ్మ మోసిన ఆ బిందెల ప్రస్తావన పాఠ్యపుస్తకంలో ఇంకాస్త పెద్దగా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. సంస్కరణ బరువు ఎవరి భుజాల మీద పడిందో అక్కడే తెలుస్తుంది.

అదే ఏడాది తెలుగు వాచకంలో గురజాడ ‘కన్యాశుల్కం’ నుంచి ఒక రంగం వచ్చింది. ఆ ఒక్క రంగంతో తృప్తి కలగక లైబ్రరీలో నాటకం మొత్తం తీసుకుని చదివాను. చిన్నతనంలోనే వితంతువై పుట్టింట్లో ఉన్న బుచ్చమ్మ, డబ్బు తీసుకుని ఆమె చెల్లెలు సుబ్బిని కూడా ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టాలని చూసే తండ్రి అగ్నిహోత్రావధాన్లు, ఏమీ చేయలేక కుమిలిపోయే తల్లి. వీళ్ల మధ్యకు వస్తాడు గిరీశం. వితంతు వివాహాల గురించి బ్రహ్మాండంగా ఉపన్యసిస్తాడు. సంస్కరణ మాటలన్నీ అతని నాలుక మీద ఉంటాయి, కానీ వాటిని వాడుకునేది తన అవసరానికే. నాకు పెద్ద ఆశ్చర్యం కలిగింది ఇక్కడే. సోషల్ పాఠంలో సంస్కర్తలు ఒక పక్క, ఛాందసులు మరో పక్క స్పష్టంగా విడిపోయి కనిపిస్తారు. నాటకంలో ఆ గీత చెరిగిపోతుంది. సంస్కరణ గురించి అందంగా మాట్లాడేవాడే ఒక అమాయకురాలికి ప్రమాదం కావచ్చు. సుబ్బిని కాపాడే పన్నాగం ఒక మోసం మీద నడుస్తుంది: ఆమె మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లి చేస్తాడు. సమాజం మారే కాలంలో మనుషులు నిజంగా ఎలా ఉంటారో ఆ నాటకం వల్ల నాకు అర్థమైనంతగా మరే పాఠం వల్లా అర్థం కాలేదు.

1897లో నాటకం అచ్చయినప్పుడు గురజాడ ఒక పీఠిక రాశారు. దయచేసి దాన్ని తప్పక చదవండి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారని అందులో ఉంది. నమోదైనవి 1,034. వాటిలో 99 మంది ఆడపిల్లల వయసు అయిదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఏడాది! ఆ ఏడాది పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరాలు జరిగిన సందర్భాలున్నాయని రాశారు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి ఈ జాబితా సంపూర్ణం కాదనీ ఆయనే చెప్పారు.

ఆ చివరి మాట విలువ నాకు డిగ్రీకి వచ్చాక తెలిసింది. ఒక లెక్కను చూసినప్పుడు అది ఎవరు సేకరించారు, ఎవరు దాచి ఉంటారు, అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువా తక్కువా అని అడగడం చరిత్ర విద్యార్థికి మొదటి పని. ఆ పనిని ఒక నాటకకర్త 1897లోనే చేసి చూపించారు. సాహిత్యం అంటే ఊహ, సోషల్ అంటే వాస్తవం అనే విభజన ఆ పీఠిక ముందు నిలవదు. అయిదేళ్ల పిల్లలు 99 మంది అన్న అంకె, సుబ్బి అనే ఒక్క పిల్ల — రెండూ కలిస్తేనే విషయం పూర్తిగా తెలుస్తుంది. ఆ తర్వాత ఆడపిల్లల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చిందని సోషల్‌లో చదివినప్పుడు, ఆ సంవత్సరాన్ని నేను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన అవసరమే రాలేదు.

రెండో జంట జాషువా ‘గబ్బిలం’, రాజ్యాంగం పదిహేడో అధికరణ. ‘గబ్బిలం’ 1941 నాటిది. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడును కాశీలోని శివుడికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలో వేలాడే గబ్బిలానికి శివుడి చెవి దగ్గరగా ఉంటుంది కదా, పూజారి లేని వేళ చూసి తన జీవితకథ విన్నవించమంటాడు. క్లాసులో ఈ పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాశాం, ఛందస్సు గుర్తించాం. అన్నీ అవసరమైనవే. కానీ ఒక గబ్బిలానికి ఉన్న ప్రవేశం ఒక మనిషికి లేకపోవడం అనే విషయం దగ్గర మా తెలుగు టీచరు కాసేపు ఆగిపోయి, పుస్తకం మూసి, మమ్మల్ని సోషల్ పుస్తకం తీయమన్నారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం పదిహేడో అధికరణలో అంటరానితనాన్ని రద్దు చేసి, ఏ రూపంలోనూ దాన్ని పాటించకూడదని నిషేధించింది. ఉల్లంఘించినవారికి శిక్షలు నిర్ణయించే చట్టం 1955లో చేశారు. ఈ వరుసను ఆమె బోర్డు మీద రాసి, “ఇందులో ఏ చట్టం వచ్చాక ఆ మనిషికి గబ్బిలంతో పని లేకుండా పోతుంది?” అని అడిగారు. ఎవరం చప్పున జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్న గైడులో లేదు, పరీక్షలో రాలేదు. పేపర్లో వివక్ష గురించిన వార్త చదివిన ప్రతిసారీ అది నాకు గుర్తుకు వస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో సాహిత్యమే చరిత్రను లోతు చేసింది. దీనికి ఎదురు దారి కూడా ఉంది, అది కూడా అంతే ముఖ్యం. ఇంటర్‌లో కృష్ణదేవరాయల ఆస్థానకవి పెద్దన మనుచరిత్రలోని అరుణాస్పదపురం వర్ణన చదివాను. ఆ ఊరి పండితులు బ్రహ్మకన్నా గొప్పవారు, వర్తకులు కుబేరుడికే అప్పివ్వగలరు, నాగలి పట్టే రైతులు ఆదిభిక్షువైన శివుడికి కూడా అడుక్కోవలసిన అవసరం లేకుండా చేయగలరు. పద్యం నడక అద్భుతం, ఇప్పటికీ పైకి చదువుకుంటాను. అయితే ఆ రైతు కలిమిని ఆ కాలపు విజయనగర సామ్రాజ్యం చిత్రమని నమ్మేస్తే పొరపాటు. కృష్ణదేవరాయల పాలన 1509 నుంచి 1529 వరకు. ఆయన తర్వాత అచ్యుతరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, భూములు చేతిలో ఉన్నవారి దౌర్జన్యం వల్ల సామాన్య జనం చాలా కష్టాలు పడుతున్నారని రాశాడు. కృష్ణదేవరాయలే ఆముక్తమాల్యదలో, చెరువులు కాలువలు తవ్వించి పేద రైతుకు పన్నులో వెసులుబాటు ఇస్తే ధర్మం, ధనం రెండూ పెరుగుతాయని రాజనీతి చెప్పారు. పేద రైతు లేని రాజ్యంలో ఆ సలహాతో పనేముంది? ప్రబంధ కవి పురవర్ణనలో చెప్పేది ఊరు ఎలా ఉండాలన్నది. ఎలా ఉందో తెలుసుకోవాలంటే శాసనాలు, యాత్రికుల రాతలు, పన్నుల వివరాలు చూడాలి. ఇలా చూడటం వల్ల పెద్దన మీద నా గౌరవం తగ్గలేదు. ఆయనను దేని కోసం చదవాలో తెలిసింది.

భూగోళ పాఠాలకూ ఇది వర్తిస్తుంది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డుపడటం వల్ల రాయలసీమ వర్షచ్ఛాయా ప్రాంతం అయిందని రెండు వాక్యాల్లో చదువుతాం. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో రంగన్న, గంగమ్మల కథ చదివాక ఆ రెండు వాక్యాలు ఒక ఇంటి మీద ఎలా పడతాయో తెలిసింది. హైదరాబాదు సంస్థానం పాఠంలో వెట్టిచాకిరీ, 1948 సెప్టెంబరు 17 తేదీ చదివేటప్పుడు, నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథిని పక్కన పెట్టుకోండి. ఇలాంటి జంటలు మీ పుస్తకాల్లోనే ఇంకా దొరుకుతాయి.

ఇక చదివే పద్ధతి. తెలుగు పాఠం మొదట్లో ఉండే కవి పరిచయాన్ని చాలామంది ఊరు, కాలం, బిరుదులు నేర్చుకుని వదిలేస్తారు. నేను ఆ కాలాన్ని తీసుకుని సోషల్ పుస్తకం తెరిచేవాడిని. ఈ కవి బతికి ఉండగా దేశంలో ఏం జరిగింది? జాషువా 1895లో పుట్టి 1971లో పోయారు. అంటే స్వాతంత్ర్యోద్యమం, రాజ్యాంగం, రాష్ట్రాల పునర్విభజన అన్నీ ఆయన కళ్ల ముందే జరిగాయి. ఇది తెలిశాక పద్యం కొత్తగా వినిపిస్తుంది. అలాగే సోషల్‌లో ఏ చట్టం, ఏ ఉద్యమం వచ్చినా, దీని వల్ల ఎవరి ఇంట్లో ఏమి మారి ఉంటుందని ఒక ప్రశ్న నోటు పుస్తకంలో రాసుకునేవాడిని. జవాబు వెంటనే దొరకకపోతే ఖాళీ వదిలేసేవాడిని. కొన్ని ఖాళీలు డిగ్రీకి వచ్చాక నిండాయి.

మార్కుల గురించి మీకు ఆందోళన ఉంటుంది, అది సహజం. ప్రతిపదార్థాలు, పటంలో గుర్తించడం, తేదీలు వంటివాటికి కూర్చుని నేర్చుకోవడం తప్పదు, వాటికి వేరే సమయం కేటాయించండి. అయితే సొంత మాటల్లో రాయమనే ప్రశ్నలు రెండు సబ్జెక్టుల్లోనూ ఉన్నాయి. వాటికి గైడులోని పేరా కన్నా, మీరు ఆలోచించి రాసిన అయిదారు వాక్యాలే బాగుంటాయి. కన్యాశుల్కం జవాబులో 1856, 1881 గురించి ఒక వాక్యం రాయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. నేను రాశాను. మా టీచరు దాన్ని క్లాసులో చదివి వినిపించారు.

రాష్ట్రాన్ని బట్టి, సిలబస్‌ను బట్టి పాఠాలు మారుతుంటాయి. మీ తెలుగు వాచకంలో ఈ ఏడాది ఏ పాఠాలున్నాయో వ్యాఖ్యలో రాయండి. ఒక్కోదానికి సోషల్‌లో ఏ అధ్యాయం పక్కన పెట్టుకోవచ్చో నాకు తోచినంత మేరకు చెబుతాను. ఒకటి రెండు జంటలు మాత్రం మీరే వెతకండి.