పాప కాలేయంలో రక్తనాళాల గడ్డలు ఉంటే థైరాయిడ్ పరీక్ష ఎందుకు?

అమ్మా, మూడు నెలల పాప ఒంటిమీద ఆరు ఎర్రని ఉబ్బు మచ్చలు, స్కానింగ్‌లో కాలేయంలోనూ గడ్డలు కనిపించాయని, అవి క్యాన్సర్ కానప్పుడు థైరాయిడ్ పరీక్ష దేనికని అడిగారు. హెమాంజియోమా అనే ఈ గడ్డలు థైరాయిడ్ హార్మోనును పనికిరాకుండా చేసే ఎంజైమును తయారుచేస్తాయి. గడ్డలు ఎక్కువగా ఉంటే, గ్రంథి బాగానే ఉన్నా హార్మోను చాలక మెదడు ఎదుగుదల కుంటుపడవచ్చు కనుక, పుట్టినప్పటి థైరాయిడ్ రిపోర్టు బాగుందని ఈ పరీక్షను దయచేసి వాయిదా వేయకండి. ఇవి మొదటి నెలల్లో పెరిగి, తరువాత చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. అవసరమైతే గడ్డలను తగ్గించే ప్రొప్రనొలాల్ అనే మందు ఇస్తారు; రక్తంలో చక్కెర పడిపోకుండా దానిని పాలు పట్టేటప్పుడో, పట్టిన వెంటనేనో వేయాలి, పాప పాలు తాగని పూట వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. పాలు తాగుతూ చెమటలు పట్టినా, ఆయాసపడినా, పొట్ట ఉబ్బినా గుండెపై భారం పడుతూ ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.