వెర్మాంట్ కొండల్లో ఒక అధ్యక్షుడి సమాధి చూడ్డానికి వెళ్తే

మీరు అడిగింది ఇది: "అమెరికా పల్లెటూళ్లలో పెద్ద నాయకుల సమాధులు ఎలా ఉంటాయి? మన ఎన్టీఆర్ ఘాట్, ఇడుపులపాయ లాగా కడతారా? మామూలు వాళ్లు వెళ్లి చూడొచ్చా?"

నేను తిరిగింది ఒక్క కౌంటీయే. వెర్మాంట్ రాష్ట్రంలో విండ్సర్ కౌంటీ, మన జిల్లా లాంటిది. దాని సంగతే చెప్తాను.

మేం బోస్టన్ దగ్గర ఉంటాం. నాన్నగారు మా దగ్గరికి వచ్చిన ఏడాది, అక్టోబరులో ఆకులు రంగులు మారడం చూపిద్దామని అటు తీసుకెళ్లాను. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. చెట్లు పది నిమిషాల్లో బోరు కొట్టేశాయి. "ఇక్కడ చూడాల్సిన పెద్దమనిషి ఎవరూ లేరా?" అన్నారు. ఉన్నాడు. 30వ అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్. ఆయన పుట్టిన ఊరూ, మట్టిలో కలిసిన ఊరూ ఒకటే, ప్లిమత్ నాచ్.

ఫోన్‌లో మ్యాప్ ముందు మమ్మల్ని వేరే సమాధుల తోటకి తీసుకెళ్లింది. వెర్మాంట్‌లో ప్రతి చిన్న ఊరికీ రెండు మూడు ఉంటాయి, అందుకని సమాధి ఉన్న తోట పేరు తెలుసుకుని వెళ్లండి, ఊరి పేరు ఒక్కటే చాలదు. ఇంకో మాట: ఈ రాష్ట్రంలో జనన మరణాల రికార్డులు, భూమి పత్రాలు కౌంటీ ఆఫీసులో ఉండవు, ఊరి టౌన్ క్లర్క్ దగ్గర ఉంటాయి. ఈ మాట విన్నాక నాన్నగారికి ఆ రాష్ట్రం మీద గౌరవం పెరిగింది.

ప్లిమత్ నాచ్‌లో సమాధుల తోట రోడ్డు పక్కన కొండవాలు మీద ఉంటుంది. గేటు దగ్గర టికెట్ లేదు, సెక్యూరిటీ లేదు. రాతిమెట్లు ఎక్కితే కూలిడ్జ్ కుటుంబం వరస కనిపిస్తుంది. వరస అని ఎందుకంటున్నానంటే, తాతముత్తాతల నుంచి అందరూ అక్కడే ఉన్నారు. అధ్యక్షుడి రాయి కూడా పక్క రాళ్లంతే. గ్రానైట్ మీద పేరు, 1872 జులై 4, 1933 జనవరి 5. పైన అధ్యక్ష ముద్ర చెక్కి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాటి వెళ్లిపోయేవాళ్లం. బతికున్నప్పుడు మాట పొదుపు మనిషని పేరు, రాయి మీద కూడా అదే పొదుపు.

నాన్నగారు "ఇదేనా?" అన్నారు. రెండుసార్లు.

ఆ వరసలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అధ్యక్షుడి రాయి కాదు, కొడుకు రాయి. కాల్విన్ జూనియర్. 1924లో వైట్‌హౌస్ కోర్టులో సాక్సులు లేకుండా టెన్నిస్ ఆడాడు, కాలి వేలికి బొబ్బ లేచింది, అది సెప్టిక్ అయి వారం తిరిగేసరికి పోయాడు. పదహారేళ్లు. పెన్సిలిన్ ఇంకా రాని రోజులు. దేశాన్ని ఏలేవాడి ఇంట్లో పిల్లవాడికి కూడా బొబ్బకి మందు లేదు.

ఇక నాన్నగారి మనసు మారింది మాత్రం కూలిడ్జ్ తండ్రి వల్ల. ఆయనా అక్కడే ఉన్నారు. రాష్ట్ర చట్టసభలో కూర్చున్న మనిషి, కానీ పేరు మిగిలింది నోటరీగా. 1923 ఆగస్టు 2న అధ్యక్షుడు హార్డింగ్ శాన్ ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. ఉపాధ్యక్షుడు కూలిడ్జ్ అప్పుడు సెలవు మీద తండ్రి ఇంట్లో ఉన్నాడు. ఆ ఇంట్లో ఫోన్ లేదు, కబురు మనిషి చేత వచ్చింది. తెల్లవారుజామున 2:47కి, కిరోసిన్ దీపం వెలుగులో, కన్నతండ్రే కొడుకు చేత అధ్యక్షుడిగా ప్రమాణం చేయించాడు. ఇదంతా చెప్తే నాన్నగారు వెంటనే అడిగింది: "చెల్లుతుందా? ఊరి నోటరీ చేయిస్తే?" సరిగ్గా ఆ అనుమానమే అప్పటివాళ్లకీ వచ్చింది. అందుకే కూలిడ్జ్ వాషింగ్టన్ వెళ్లాక ఒక జడ్జి ముందు గుట్టుగా మళ్లీ ప్రమాణం చేశాడు. "అదీ!" అని నాన్నగారు తండ్రి రాయి ముందు ఇంకో ఐదు నిమిషాలు నిలబడ్డారు.

మిగతా వాళ్ల సంగతి గబగబా చెప్తాను. వుడ్‌స్టాక్‌లో రివర్ స్ట్రీట్ తోటలో సెనేటర్ జేకబ్ కొలమర్ ఉన్నాడు, 1849లో పోస్ట్‌మాస్టర్ జనరల్, అంటే అప్పట్లో తపాలా మంత్రి, అయినవాడు. ఒక్కో రాష్ట్రం అమెరికా పార్లమెంటు భవనానికి ఇద్దరి విగ్రహాలే ఇవ్వాలి. వెర్మాంట్ ఇచ్చిన ఇద్దరిలో ఈయన ఒకడు. అయినా ఊళ్లో మేం అడిగిన ఇద్దరూ పేరు వినలేదన్నారు.

విండ్సర్ ఊళ్లో అస్కట్నీ తోటలో విలియం ఎవర్ట్స్ ఉన్నాడు. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన విచారణ జరిగినప్పుడు ఆయన తరఫున వాదించిన లాయరు, తర్వాత విదేశాంగ మంత్రి. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దిమ్మెకి చందాలు పోగు చేసిన కమిటీకి కూడా ఈయనే పెద్ద. 1886లో ఆవిష్కరణ రోజు ఈయన ప్రసంగం మధ్యలో కాస్త ఆగితే, అయిపోయిందనుకుని ముసుగు లాగేశారట. మన సభల్లో ఇలాంటివి చూసినవాళ్లకి వింతేం కాదు.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సమ్మర్ హిల్ తోటలో సెనేటర్ రాల్ఫ్ ఫ్లాండర్స్ ఉన్నాడు. 1954లో, కనిపించినవాళ్ల మీదల్లా కమ్యూనిస్టు ముద్ర వేస్తున్న సొంత పార్టీ సెనేటరు మెకార్తీని సభ తప్పుపట్టాలని తీర్మానం పెట్టినవాడు. నేను చూడాలనుకున్న సమాధి నిజానికి అదే, కానీ మేం చేరేసరికి చీకటి పడింది. అక్టోబరులో త్వరగా పొద్దుపోతుంది, ఒక్క రోజులో నాలుగు ఊళ్లు పెట్టుకోకండి.

ఏప్రిల్లో కూడా వద్దు, మంచు కరిగి మట్టిరోడ్లు బురదైపోతాయి. కుదిరితే జులై 4న వెళ్లండి. అది కూలిడ్జ్ పుట్టినరోజు కూడా. వైట్‌హౌస్ నుంచి పూలచక్రం వస్తుంది, ఊళ్లోంచి సమాధి దాకా జనం నడిచి వెళ్తారు. అక్కడే కూలిడ్జ్ తండ్రి కొంతమందితో కలిసి 1890లో పెట్టిన చీజ్ ఫ్యాక్టరీ ఉంది. నాన్నగారికి ఆ చీజ్ వాసన పడలేదు, మా పిల్లలు మాత్రం డబ్బా ఇంటికి చేరకుండానే ఖాళీ చేశారు.